తడి తల

పార్వతీపురం
14 జూలై 2014

మరదలు మాలతికి,

దీవెనలు ఉత్తరం చివర ఇస్తాను. ఇవ్వాలో అక్కర్లేదో ముందు తేలనీ.

మీ పక్కింటి బంగారమ్మగారి చేత అమ్మ నాకు ఉత్తరం రాయించింది. ఇన్నేళ్ళూ అమ్మ చెబుతుంటే నువ్వే కదా రాసేదానివి! ఇంట్లో కోడలుండగా పక్కింటావిడ చేతికి కలం ఇచ్చిందంటేనే నాకు సగం విషయం అర్థమైంది. మిగతా సగం అందులోనే ఉంది. ఆదివారం అమ్మ నూనె గిన్నె పట్టుకుని కూర్చుంటే నువ్వు లేచి పోతున్నావట. తల ముట్టుకోనివ్వడం లేదట. పెళ్ళయిన కొత్తలో అత్తగారి చేత జడ వేయించుకుంటానని వాడకట్టంతా గొప్పలు చెప్పుకున్నది నువ్వు కాదూ?

అది చాలదన్నట్టు, మూడు వారాలకోసారి మొగుడూ పెళ్ళాలిద్దరూ పొద్దున్నే ఎటో వెళ్ళి దీపాలు పెట్టే వేళకు వస్తున్నారట. నీ తల తడి. వాడు గుమ్మం తొక్కకుండా పెరట్లో కుళాయి కింద నెత్తి మీదనుంచి పోసుకుని, బట్టలు అక్కడే తడిపి పడేసి లోపలికొస్తున్నాడట. చిన్నప్పుడు తలస్నానం అంటే మంచం కింద దూరే వెధవ నా తమ్ముడు. వాడికింత మడి ఎవరు నేర్పారు? ఎవడైనా బాబా దొరికాడా మీకు? మా పాత హెడ్‌మాస్టరు భార్య ఇలాగే తడిబట్టలతో ప్రదక్షిణలని మొదలుపెట్టి ఇల్లు గుల్ల చేసింది.

ఫోన్‌లో సర్దిచెబుదామనుకోకు. నాకు ఫోన్ చెవిలో పెట్టుకుంటే గుయ్యిమనే మోత తప్ప మరేం వినపడదని తెలుసు కదా. చెవులు పోయాయిగాని బుర్ర పోలేదు. మీ అన్నయ్యగారికి పక్షవాతం వచ్చినప్పటినుంచి గుమ్మం దాటలేకపోతున్నాను. లేకపోతే ఇక్కడ రైలెక్కితే రాయపూర్‌లోనే కదా దిగేది, వచ్చి నా కళ్ళతో చూసేదాన్ని. ఉన్నదున్నట్టు రాయి.

అప్పలనరసమ్మ

~

మోవా, రాయపూర్
23 జూలై 2014

వదినగారికి మాలతి నమస్కారాలు.

మీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. మీ తమ్ముడూ, బాబాలూనా! ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పీటల మీద కూర్చోబెట్టడానికే ఆయన్ని బతిమాలుకోవాలి.

నాకు తలలో చుండ్రు పట్టింది వదినా. కొన్నాళ్ళు నూనె పెట్టవద్దని, గట్టిగా దువ్వవద్దని డాక్టరు చెప్పాడు. అత్తయ్యకు అది చెబితే 'చుండ్రుకి నూనె కాక మరేటి మందు?' అని గిన్నె తెస్తారు. అందుకే తప్పించుకుంటున్నాను. పోతే, మేము వెళ్ళేది టాటీబంధ్ అవతల ఒక ఇంటిస్థలం చూడ్డానికి. ఆ కూడలిలో లారీల దుమ్ము మీకు తెలియంది కాదు. వచ్చి తలమీద పోసుకోకపోతే ఉండలేం. స్థలం ఖాయమయ్యేదాకా అత్తయ్యకు చెప్పవద్దని ఆయన అన్నారు.

ఇక్కడ కరెంటు పోతే గంటలకు గంటలు రావడం లేదు. కూరగాయల ధరలు అడక్కండి. అన్నయ్యగారి కుడి చెయ్యి కాస్త కదులుతోందా? బంగారమ్మగారు మంచావిడే గాని ఒకటి చూసి నాలుగు రాస్తుంది, మీరు కంగారు పడకండి.

మీ మరదలు
మాలతి

~

పార్వతీపురం
31 జూలై 2014

మాలతికి,

తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట నీలాంటివాడే.

పాతికేళ్ళు బడిలో పిల్లల అబద్ధాలు విన్నదాన్ని. అబద్ధం చెప్పేవాడు అడిగినదానికంటే ఎక్కువ చెబుతాడు. దుమ్ము పడితే ఇంటికొచ్చాక స్నానం చేస్తారు. నువ్వు ఆటో దిగేటప్పటికే తల తడిసి ఉందని బంగారమ్మ రాసిన ఉత్తరంలో ఉంది. టాటీబంధ్‌లో నీళ్ళ కుళాయిలతో స్థలాలు అమ్ముతున్నారా? ఒక్క స్థలాన్ని ఎన్నిసార్లు చూస్తారు? నువ్వు స్కూలుకి పాఠాలు చెప్పడానికి వెళ్ళడం మానేశావని కూడా రాసిందావిడ. చుండ్రుకి మీ స్కూల్లో సెలవిస్తారు కాబోలు!

నాకిప్పుడు బాబా మీద అనుమానం పోయింది. అమ్మ మీద విసుగు పుట్టిందేమోనని అనుమానం. తల ముట్టుకోనివ్వకపోవడం, చెప్పకుండా పోవడం, ఎదురుగా కూర్చోకపోవడం. ముసలిదాన్ని ఎక్కడైనా దించి రావడానికి చోటు చూస్తున్నారా? ఊరి బయట ఆశ్రమాలుంటాయట, ఇంటి స్థలాలుండే చోటే. ఇలా రాస్తున్నందుకు నా చెయ్యే వణుకుతోంది. వయసు వల్ల వణుకు ఎలాగూ ఉందనుకో. కానీ నిజం నువ్వు దాస్తే నేను ఇంతకన్నా మంచిగా ఊహించలేను.

ఈసారి నాకు చుండ్రు కథలొద్దు.

అప్పలనరసమ్మ

~

మోవా, రాయపూర్
9 ఆగస్టు 2014

వదినా,

అత్తయ్యను ఎక్కడో దించి రావడానికి చూస్తున్నానని రాశారే! ఆ వాక్యం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఎవరికోసం ఇదంతా చేస్తున్నానో వాళ్ళ కూతురే ఆ మాట అంటే ఇంక దాచి ఏం లాభం?

నాకు కేన్సర్ వదినా. ఎడమవైపు రొమ్ములో గడ్డ. ఏప్రిల్‌లో తెలిసింది. మూడు వారాలకోసారి మందు ఎక్కించుకోవడానికి వెళుతున్నాం. ఆపరేషన్ ఆ తర్వాత. ఆయనకీ నాకూ ఆసుపత్రి వాళ్ళకీ తప్ప ఎవరికీ తెలియదు.

ఈ మందుకి జుట్టంతా ఊడుతుంది. ఆ మాట విన్నప్పుడు నాకు నా ప్రాణం గుర్తుకు రాలేదు, అత్తయ్య గుర్తొచ్చారు. ఫణిశ్రీ వదిన మంచాన పడ్డప్పుడు దిండు మీద ఊడిన వెంట్రుకల్ని అత్తయ్య ఒక్కొక్కటే ఏరడం మీరూ చూశారు, నేనూ చూశాను. కూతురు పోయి పదకొండేళ్ళయినా ఇప్పటికీ నేలమీద వెంట్రుక కనిపిస్తే వంగి తీస్తారు. నా తల బోడి అయిన రోజున ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వయసులో, ఆ గుండెతో, రెండోసారి తట్టుకోలేరు.

మా ఆసుపత్రిలో హెలెన్ అని నర్సు ఉంది, మన కాకినాడ అమ్మాయే. జుట్టు ఊడకుండా ఒక టోపీ ఉందని తనే చెప్పింది. మందు ఎక్కే ముందు జుట్టు నీళ్ళతో తడిపి, గడ్డకట్టిన టోపీ నెత్తికి బిగిస్తారు. చల్లదనానికి తల మీదికి రక్తం తక్కువ వెళుతుందట, మందు వెంట్రుకల కుదుళ్ళకు అంతగా తగలదట. అది కరుగుతుంటే తీసి ఇంకోటి. మందు అయిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉండాలి. మొదటి కాసేపు కణతలు పగిలిపోతాయనిపిస్తుంది. మీ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని కూర్చుంటారు, నా వంక చూడరు. ఇంటికొచ్చేటప్పటికి తల తడిగానే ఉంటుంది. ఆసుపత్రి క్రిములు అమ్మకు అంటుతాయని ఆయన కుళాయి దగ్గరే స్నానం చేసి బట్టలు తడుపుతారు. ఇదీ మీ బాబా కథ. నూనె పెట్టకూడదు, లాగి దువ్వకూడదు. కొంత రాలుతోంది గాని జడ నిలిచింది.

ఆ టోపీ ఖర్చు మాత్రం ఆయన ఫ్యాక్టరీ తరఫు బీమా కంపెనీ ఇవ్వనంది. మందుకి ఇస్తారట, టోపీ అందానికి సంబంధించిందట. జుట్టు లేకపోతే మనిషి చావదు అని ఫోన్‌లో ఒకమ్మాయి హిందీలో నాకు నెమ్మదిగా వివరించింది. మా అత్తగారు చస్తారమ్మా అన్నాను. ఆవిడ పాలసీలో లేరు మేడమ్ అంది. మళ్ళీ అర్జీ పెట్టాను. అది రాకపోతే మిగిలిన విడతలకు టోపీ మానుకోవాల్సిందే. మానుకుంటే ఇన్నాళ్ళు దాచింది పది రోజుల్లో బయటపడుతుంది.

అత్తయ్యకు ఒక్క ముక్క తెలియనివ్వకండి. బంగారమ్మగారికి అసలే వద్దు.

మాలతి

~

పార్వతీపురం
17 ఆగస్టు 2014

తల్లీ మాలతీ,

కిందటి ఉత్తరంలో నేను రాసినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నా నోట్లో పురుగులు పడా, ఆశ్రమం అని ఎలా రాశాను? మీ అన్నయ్యగారికి చదివి వినిపిస్తే ఆయన ఎడమ చేత్తో కళ్ళు తుడుచుకున్నారు.

కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈ టోపీ సంగతి నిజమేనా? మంచు పెడితే జుట్టు నిలుస్తుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఇక్కడ ప్రభుత్వాసుపత్రిలో పనిచేసి రిటైరైన ఆవిణ్ణి అడిగాను, పేరు చెప్పలేదులే. ఆ మందు సరిగ్గా ఎక్కితే జుట్టు ఊడి తీరుతుంది అంది. ఊడలేదంటే మందులో నీళ్ళు కలుపుతున్నారేమో చూసుకోమంది. లేదా అసలు జబ్బే లేనివాళ్ళకు ఉందని చెప్పి డబ్బు గుంజుతున్నారేమో. ఈ కాలంలో ఎవర్ని నమ్మమంటావు? ఇంకో డాక్టరుకి చూపించారా? ఆ హెలెన్‌కి ఆ టోపీలు అమ్మేవాళ్ళు ఏమైనా ముట్టజెబుతున్నారా? చల్లదనం తల మీదికి మందుని రానివ్వదన్నావు, మరి గడ్డ దగ్గరికి రానిస్తుందా? బీమా వాళ్ళు ఊరికే కాదనరు, వాళ్ళకీ ఏదో వాసన తగిలి ఉంటుంది.

నీ మీద అనుమానం కాదు. నీ చుట్టూ ఉన్నవాళ్ళ మీద.

అమ్మకు చెప్పవద్దన్నావు, చెప్పను. కానీ ఆవిడ బంగారమ్మ చేత మళ్ళీ రాయించకుండా నేనే నేరుగా అమ్మ పేరున ఒక ఉత్తరం వేశాను. మేమంతా బాగున్నాం, నువ్వు ఏమీ ఆలోచించకు, మాలతికి చుండ్రే, వేళకి తిను అని కమ్మగా రాశాను. అది చూసి అమ్మ కుదుటపడుతుంది.

ఈ మధ్య నిద్ర పట్టడం లేదు. దీవెనలు మొదట్లో ఇవ్వలేదు కదా, ఇప్పుడు రెండింతలు ఇస్తున్నాను.

మీ వదిన
అప్పలనరసమ్మ

~

మోవా, రాయపూర్
2 సెప్టెంబర్ 2014

వదినగారికి,

మీరు బీమా కంపెనీకి ఏమైనా రాశారా? ముందు దీనికి జవాబివ్వండి. జబ్బే లేదేమో అన్నారు, మందులో నీళ్ళన్నారు, బీమా వాళ్ళకి వాసన తగిలిందన్నారు. మీ ఉత్తరం వచ్చిన వారానికే వాళ్ళ మనిషి మా గుమ్మంలో నిలబడ్డాడు. నేనేమనుకోవాలి?

జరిగింది చెబుతాను. నేను కూరగాయలకు వెళ్ళాను. అత్తయ్య వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఫైలు పట్టుకుని ఒకబ్బాయి వచ్చాడు. హరీష్‌ట. ఆవిడకి సరిగ్గా వినపడదు కాబట్టి గట్టిగా అడిగాడట, మాతాజీ, మీ ఇంట్లో పేషెంటు ఎవరు అని. ఆ అరుపుకి బంగారమ్మగారు బయటికొచ్చారు. ఆవిడే నాకు మొత్తం చెప్పింది.

అత్తయ్య తన రైల్వే క్వార్టర్ల హిందీలో అన్నారట: "ఇధర్ కోయీ బీమార్ నహీఁ హై బాబూ. బహూ ఏక్‌దమ్ బఢియా హై, ఇత్నా లంబా చోటీ హై. కోయీ మర్ గయా హై. ముఝే నహీఁ బతాతే. కౌన్ మరా, తుమ్ పూఛో."

ఇంట్లో జబ్బు మనుషులెవరూ లేరట. కోడలికి ఇంత పొడుగు జడ ఉందట, నిక్షేపంలా ఉందట. ఎవరో చచ్చిపోయారట, తనకు చెప్పడం లేదట. ఎవరు పోయారో నువ్వే అడిగి చెప్పు బాబూ అని ఆ అబ్బాయి చెయ్యి పట్టుకున్నారట. అతను అంతా రాసుకున్నాడు. నేను సంచీతో వచ్చేసరికి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, నా జడను ఇంకాస్త ఎక్కువసేపు చూసి, నమస్తే చెప్పి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు టోపీ మాట అలా ఉంచండి, మందుకిచ్చే డబ్బు కూడా విచారణ పూర్తయ్యేదాకా ఆపేశారు. పేషెంటు ఉందా లేదా అని వాళ్ళకి అనుమానం. హెలెన్ తల పట్టుకుంది. "టోపీ బాగా పనిచేయడమే మీ కొంప ముంచింది అక్కా" అంది. జుట్టు ఊడి ఉంటే అందరూ నమ్మేవాళ్ళు. మీతో సహా.

అత్తయ్య ఎవరు పోయారనుకుంటున్నారో తెలుసా? మీరు!

అవును, మీరే. ఆ రోజు ఆయన పక్కన కూర్చుని బతిమాలితే చెప్పారు. "ఫణిశ్రీ పోయినప్పుడు నా కళ్ళకి ఆపరేసన్ చేసి కట్టు కట్టారు. బాగుంది, నిద్రపోతంది అన్నారు. నేను చెయ్యి సాచితే పెద్దదాని తల తడి. మట్టి చేసొచ్చి తానం చేసిందని నాకు తెల్దేటి? ఇప్పుడూ అంతే. తడి తల, కుళాయికాడ బట్టలు. నన్ను ముట్టుకోనివ్వరు. దినాలకీ మాసికాలకీ తిరుగుతన్నారు" అన్నారు. మీరు కమ్మగా రాసిన ఉత్తరం ఉంది చూశారా, అదే ఆవిడకు రూఢి చేసింది. అప్పుడూ అంతా బాగుందనే చెప్పారట. పైగా అది మీ దస్తూరీ కాదట, అక్షరాలు వంకర్లు పోయాయట. మీ చెయ్యి వణుకుతోందంటే వినరు. ఎవరో రాశారంటారు. మూడు రోజులుగా మజ్జిగ తప్ప ముట్టలేదు.

చివరికి నేను ఓడిపోయి నిజం చెప్పేశాను వదినా. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, నాకే జబ్బు అత్తయ్యా, ఫణిశ్రీ వదినకు వచ్చిందే వచ్చింది, వెళ్ళేది ఆసుపత్రికి అన్నాను. ఏ మాట ఆవిడకు చెప్పకూడదని ఆ చలిలో పళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నానో ఆ మాట నా నోటితోనే చెప్పాను. ఆవిడ నా జడ పట్టుకుని బరువు చూశారు. "దానికి దిండు నిండా ఊడింది. నీకేదీ? నా కూతురి చావు దాచడానికి నీ మీద రోగం ఏసుకుంటావా, నోర్ముయ్" అన్నారు.

కంపెనీ నమ్మదు, మీరు నమ్మరు, ఆవిడ నమ్మదు. నేను కత్తెర తీసుకుని ఇదంతా కోసి పారేస్తే గాని నాకు జబ్బుందని ఎవరూ ఒప్పుకునేలా లేరు. నిజంగానే కత్తెర చేతిలోకి తీసుకున్నాను. ఆయన లాక్కున్నారు.

మాలతి

~

పార్వతీపురం
9 సెప్టెంబర్ 2014

మాలతీ,

నేను ఏ కంపెనీకీ రాయలేదు. మా అమ్మ మీద ఒట్టు. నన్ను అనుమానించావని కోపం లేదు. నేను నీ దగ్గర మొదలుపెట్టిన వ్యాపారమే అది, నువ్వు తిరగ్గొట్టావు. ఇంతకీ ఆ కుర్రాడు ఎవరూ రాయకుండానే వచ్చి ఉంటాడు. జుట్టుతో ఉన్న రోగి టోపీకి డబ్బడిగితే వాడి ఉద్యోగమే అనుమానించడం.

నేను చచ్చిపోయానా! ఆ ముక్క దగ్గర మీ అన్నయ్యగారు నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు. ఫణిశ్రీ పోయిన రోజు అమ్మ చెయ్యి నా తల మీద పడటం నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది. ఆవిడ చెయ్యి తీసేసి గోడవైపు తిరిగి పడుకుంది. అంతే. ఆ ముసల్ది మళ్ళీ ఇప్పుడు గోడవైపు తిరిగిందన్నమాట.

కత్తెర జోలికి పోయావంటే నేనూరుకోను. ఇంక ఎవరు నమ్మినా నమ్మకపోయినా నేను నమ్ముతున్నాను. ఆలస్యంగానే అనుకో.

వినపడనిదాన్ని నాకు ఫోనెందుకు అని ముట్టుకోవడమే మానేశాను. మొన్న మీ అన్నయ్యగారు ఎడమ చేత్తో పలక మీద రాసి చూపించారు, 'వినపడదు, మాట్లాడగలవుగా' అని. ఇన్నేళ్ళూ ఈ ముక్క నా బుర్రకి ఎందుకు తట్టలేదే! సిగ్గు. అవతలివాళ్ళు ఏదో అడిగితే నేను ఇంకేదో చెప్పి నవ్వులపాలవుతానని. ఇప్పుడు ఎవరు నవ్వితే నాకేం?

ఈ నెల ఇరవై ఒకటి, ఆదివారం, పొద్దున్న తొమ్మిదింటికి చేస్తాను. ఈ ఉత్తరం అప్పటికి తప్పక చేరుతుంది. ఫోన్ అమ్మ చెవికి ఆనించి పట్టుకో. సౌండు ఎక్కువ పెట్టు. ఆవిడ ఏమన్నా నాకు వినపడదు, కాబట్టి నేను ఆపకుండా మాట్లాడేస్తాను. దొంగ గొంతు అనుకోకుండా మా ఇద్దరికీ మాత్రమే తెలిసినవి చెబుతాను. ఆవిడ ఏమందో, ఎలా అందో నువ్వు నాకు రాయాలి. ఏదీ దాచకు.

అప్పలనరసమ్మ

~

మోవా, రాయపూర్
28 సెప్టెంబర్ 2014

వదినా,

రాయమన్నారు కదా, ఒక్కటీ దాచకుండా రాస్తున్నాను.

ఫోన్ మోగగానే చెవి దగ్గర పెట్టబోతే అత్తయ్య చెయ్యి విదిలించారు. స్పీకరు పెట్టి ఆవిడ ఒళ్ళోనే పెట్టాను. మీరు అరిచినట్టు మాట్లాడారు వదినా, బంగారమ్మగారింటిదాకా వినపడింది. 'అమ్మా, నేను పెద్దదాన్ని' అన్నారు. ఆవిడ గోడనే చూస్తున్నారు. మీరు బుర్రకథ చూడ్డానికి చెప్పకుండా పోయి పోలీసు వీపు చాటున దాక్కున్నారనీ, ఆవిడ మీ వీపున అట్లకాడ వాత పెట్టారనీ, అది ఇప్పటికీ వానాకాలంలో దురద పెడుతుందనీ చెప్పారు. అక్కడ ఆవిడ తల తిప్పారు. "ఒలే" అన్నారు. మీకు వినపడలేదు, మీరు మాట్లాడుతూనే ఉన్నారు. "ఒలే, ఆగవే. ఊపిరి తీసుకో. ముండా, బతికున్నావా?" అన్నారు. మీరేమో ఇక్కడ బెండకాయలు ముదిరిపోయాయని చెబుతున్నారు. ఆవిడ ఫోన్ రెండు చేతులతో ఎత్తి బుగ్గకి అదిమి పెట్టుకుని, "నాకు ఇనపడతంది తల్లీ, నీకే ఇనపడట్లేదు, ఇనపడకపోయినా మాట్లాడు" అని ఏడ్చారు. మీ తమ్ముడు పెరట్లోకి వెళ్ళిపోయారు.

ఇంక ఇప్పుడు కష్టమైనది రాయాలి.

మీరు పెట్టేశాక అత్తయ్య నవ్వుతూ, ముక్కు చీదుకుంటూ నా వంక చూశారు. చూస్తూ చూస్తూ ఆ నవ్వు ఆగిపోయింది. కూతురు బతికే ఉంది. ఎవరూ పోలేదు. మరి ఆ తడి తల ఏమిటి? నేను చెప్పిందొక్కటే మిగిలింది. ఆవిడ లెక్క చూసుకుంటున్నట్టు నాకు ఎదురుగా కనపడుతోంది, నాకు పారిపోవాలనిపించింది.

"అయితే నీకా?" అన్నారు.

నేను తల ఊపాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా గాలిలోనే ఆపారు, ఎక్కడ వెంట్రుక ఊడుతుందోనని. ఇన్నాళ్ళు తప్పించుకు తిరిగిన నేనే ఆ చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకున్నాను. ఆవిడ కూలిపోతారని అనుకున్నాం వదినా. కూలిపోలేదు. ఆ మధ్యాహ్నం అన్నం తిన్నారు. నాకు కలిపి పెట్టారు.

శుక్రవారం ఆసుపత్రికి బయల్దేరుతుంటే అడ్డంగా నిలబడి, "నాకు తెలిసిపోయింది కదే. ఇంకెవరికోసం ఆ మంచు నెత్తినెట్టుకుంటావు? ఊడితే ఊడనీ" అన్నారు. కంపెనీకి రాసిన ప్రతి అర్జీలోనూ మా అత్తగారి కోసం, మా అత్తగారి గుండె కోసం అనే రాశాను. మీకు కూడా అదే రాశాను. అది అబద్ధం కాదు. కానీ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ నా నోటివెంట వచ్చేసింది, "నాకోసం అత్తయ్యా. నాకు నా జుట్టంటే ఇష్టం. రొమ్ము ఎలాగూ తీసేస్తారు, ఇదైనా ఉండనీ" అని. అని ఏడ్చాను కూడా. ఆవిడ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చి ముందు ఆటో ఎక్కి కూర్చున్నారు.

నిన్న ఆ హరీష్ మళ్ళీ వచ్చాడు. డాక్టరు కాగితాలన్నీ చూశారట, ఇంటి పెద్దావిడ వాంగ్మూలం ఒక్కటే అడ్డంగా ఉందట. మీ తమ్ముడు ఏదో సర్దిచెప్పబోయారు. అత్తయ్య చేత్తో ఆపి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఇన్ని నెలలు మేము ఇంట్లో గుసగుసగా కూడా అనని మాటని ఆవిడ వీధిలోకి వినపడేలా అన్నారు. "లిఖో బాబూ. మేరీ బహూ కో కేన్సర్ హై." రాసుకో బాబూ, నా కోడలికి కేన్సర్ అని.

అతను రాసుకున్నాడు. మరి టోపీ ఎందుకు మాతాజీ, అది అందానికి కదా, దానికి మా వాళ్ళు కారణం అడుగుతారు అన్నాడు.

"ఉస్‌కో పసంద్ హై" అన్నారు అత్తయ్య. దానికి ఇష్టం. అతను కలం ఆపితే, "ఏటి చూస్తావు? పసంద్ హై. లిఖో" అన్నారు.

రాశాడు వదినా. ఇస్తారో ఇవ్వరో తెలియదు.

మీ మాలతి